సిరిసిల్లలో షార్జా గది

షార్జాలో గది కిరాయికి కావాలంటే సిరిసిల్లకు పోయి పరీక్షకు కూర్చోవాలని ఎవరైనా ముందే చెప్పి ఉంటే పడీ పడీ నవ్వేదాన్ని. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కిరాయికి అడిగి చూడు అని మాత్రం ఒక్కరూ అనలేదు. అడిగే అవసరం వాళ్లకు పడలేదు కాబోలు.

నా పేరు స్రవంతి. మాది రాయికల్. మా ఆయన క్రాంతి షార్జాలో ఏసీ మెకానిక్కుగా చేరి, ఇప్పుడు సూపర్‌వైజర్ అయ్యాడు. అంతదాకా పోతే గానీ పెళ్లాన్నీ పిల్లనూ తెచ్చుకోవచ్చని ఆ దేశం ఒప్పుకోలేదు. నేను మా పాప వర్షతో, మా అత్త గంగవ్వతో జగిత్యాలలో రెండు గదుల్లో ఉంటున్నాను. వర్షకు వాళ్ల నాన్నంటే ఫోనులో ఉండే మనిషి. సెలవుకు వస్తే మొదట్లో దగ్గరికే పోదు. అలవాటయ్యేసరికి అతను విమానం ఎక్కేస్తాడు. పోయినసారి అతను బ్యాగులు సర్దుకుంటుంటే, "అమ్మా, గీ అంకుల్ పోతుండా?" అని అడిగింది. క్రాంతి నవ్వాడు. తర్వాత బాత్రూంలోకి పోయి చాలాసేపు నల్లా తిప్పి పెట్టుకున్నాడు. ఎట్లాగైనా మేం ముగ్గురం ఒక్కచోట ఉండాలని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

వీసా కాగితం కోరుట్ల ఏజెంటు దగ్గరికి వచ్చేసింది. నెల తిరిగేలోపు మేం అక్కడ దిగాలి. దిగాలంటే ఉండటానికి ఒక ఇల్లు చూపించాలి. ఫ్లాటు మొత్తం తీసుకునే తాహతు మాకు లేదు. ఇంకో కుటుంబం ఉన్న ఫ్లాటులో ఒక గది తీసుకుని, వంటిల్లు ఇద్దరూ వాడుకోవాలి. షేరింగ్ అంటారు దాన్ని. డ్యూటీ దిగి క్రాంతి ఎక్కని మెట్లు లేవు. ఒకచోట చిన్నపిల్ల వద్దన్నారు. ఒకచోట తమ భాషవాళ్లకే అన్నారు. చివరికి సిరిసిల్ల మధుకర్ ఫ్లాటులో గది ఖాళీ అయిందని తెలిసింది.

మధుకర్ మంచివాడే. అతని భార్య రమ నాతో ఫోనులో అక్కా అక్కా అంటూ నోరారా మాట్లాడింది. ఆఖరున మాత్రం ఒక మాట అంది. "మా అత్తమ్మ మిమ్ముల ఒక్కసారి సూస్తదట అక్కా. ఒక్క పొయ్యి మీద వండుకునేటోళ్లం గదా. ఈడ మనోళ్లందరు గట్లనే జేస్తరు."

నిజమే, అందరూ అట్లాగే చేస్తారట. అక్కడ గది ఇచ్చే ముందు ఇక్కడ ఇంటివాళ్లు చూసి మంచీ చెడూ తేల్చాలి. పెళ్లిచూపులు ఒకసారితో అయిపోయాయనుకున్నాను, ఇది రెండోసారి.

చూస్తే ఏం పోయిందీ అంటారా? పోతుంది. మేం మాలోళ్లం. చర్చికి పోతాం. జగిత్యాలలో ఈ రెండు గదులు దొరికేముందు, "బోర్డు తీసుడు మర్సిపోయినం, నిన్ననే వేరేటోళ్లకు ఇచ్చినం" అన్న మాట ఎన్ని గడపల దగ్గర విన్నానో. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల చూపు నా తల మీదుగా ఎటో పోతుంది. ఒకామె ముఖం మీదే అడిగాను, ఆ వేరేవాళ్లు ఎవరో చూపించమని. క్రాంతి నన్ను తిట్టని తిట్టు లేదు.

ఈసారి ముందే ఫోను చేశాడు. "స్రవంతీ, ఒక్క పూటనే. నీ కోపం జగిత్యాలల పెట్టి పో."

"అబద్ధం చెప్పాల్నా?"

"అడిగితేనే చెప్పు. అడుగకుంటే చెప్పకు. గంతే. గీ రూమ్ పోతే ఇగ మళ్ల దొరుకదు."

"సరే కొడుకా," అని పక్కనుంచి మా అత్త అరిచింది. సరే అనకుండా ఆమె ఏ మాటా మొదలుపెట్టదు. నాట్లకు పిలిచిన పటేలుకూ సరే, చుట్టిన బీడీల్లో సగం బాగాలేవని తీసి పారేసే షేట్‌కూ సరే.

పోయే రోజు పొద్దున్నే దుకాణంలో స్టిక్కర్ బొట్లు కొన్నాను. అద్దంలో పెట్టుకుంటుంటే మా అత్త పక్కకొచ్చి, "నాక్కూడ ఒకటి పెట్టు బిడ్డా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు. అయినా పెట్టాను.

బస్సులో దారిపొడవునా పాఠాలే. "వందనాలు అనద్దు అత్తమ్మా. నమస్తే అనాలె." "సరే." "దేవుడు, ప్రార్థన, పాస్టరు, ఏ ముచ్చట తియ్యద్దు." "సరే." వర్షను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇయ్యాల తినేముందు కండ్లు మూసుకోవద్దు, చేతులు జోడియ్యద్దు" అని చెప్పాను. "ఎందుకు?" అంది. ఎందుకంటే ఏం చెప్పను? "డాడీ కాడికి పోవాల్నా వద్దా?" అన్నాను. అది నోరు మూసుకుంది. ఐదేళ్ల పిల్లను అట్లా బెదిరించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సిరిసిల్లలో మధుకర్ వాళ్ల ఇంటికి దారి అడగనక్కర్లేకపోయింది. సాంచాల చప్పుడు వెంట పోతే వచ్చేసింది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, అందులో ఆ చప్పుడు. మధుకర్ తండ్రి చంద్రమౌళి భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. ఆయన భార్య జమున గుమ్మంలో నిలబడి మమ్మల్ని తలనుంచి కాళ్లదాకా చూసింది. చూపు నా బొట్టు దగ్గర ఆగి, మెత్తబడి, కిందికి దిగింది.

"రాండ్రి, రాండ్రి. కూసోండ్రి వదినె. బిడ్డ ఎండలకెల్లి వచ్చి వాడిపోయింది," అంది.

వదినె అంది మా అత్తను! నా భయం సగం తగ్గింది.

చంద్రమౌళి మాటకారి. పడుచుతనంలో సాంచాల పనికి మహారాష్ట్రలోని భీవండి పోయినప్పటి ముచ్చట మొదలుపెట్టాడు. "తెలుగోళ్లంటే ఆడ ఎవడు రూమ్ ఇయ్యకపోయేది అమ్మా. మనుషులం గానట్టు సూసేటోళ్లు. సాంచాల నడుమనే పండుకున్నం. గందుకే మా పోరనికి చెప్పిన, ఇల్లు అడిగొచ్చినోన్ని ఊకె ఎల్లగొట్టద్దురా అని."

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇంత మంచివాళ్లకు భయపడ్డానే అనుకున్నాను.

జమున సర్వపిండి తెచ్చి ముందు పెట్టింది. వర్ష చేతులు దగ్గరికి పోయాయి. పిల్ల ఆగి, నావైపు ఓరగా చూసి, చేతులు విడదీసి, గబగబా ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. దొంగతనం నేర్చుకున్న పిల్లలా ఉంది దాని ముఖం.

"మీ ఇంటిపేరు ఏంది వదినె?" జమున అడగనే అడిగింది.

"గడ్డమోళ్లం," అన్నాను నేనే ముందుగా. ఆ ఇంటిపేరు అన్ని కులాల్లోనూ ఉంది. మా తాతముత్తాతలు మాకు చేసిన ఉపకారం అంతే.

"అట్లనా. ఎవుసమేనా?"

"కౌలుకు జేసేటోళ్లు," అన్నాను. చేయలేదు. మా అత్త జీవితమంతా ఇతరుల మళ్లలో నాట్లు వేసింది. మిగతా పొద్దు బీడీలు చుట్టింది.

"బీడీలు గూడ చేసిన నేను," అని అత్త కలగజేసుకుంది. నేను కాలుతో తొక్కబోయేలోపే జమున ముఖం వికసించింది. "ఓయమ్మ, నేను చెయ్యలేదా! ఈయన భీవండిల ఉన్నన్ని రోజులు బీడీల మీదనే బతికినం. సూడు నా ఏళ్లు." ఇద్దరూ చేతులు చాచి, ఆకు కత్తిరించి కత్తిరించి కాయలు కాసిన వేళ్లు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారు. ఒకరి షేట్‌ను ఒకరు తిట్టుకున్నారు. నవ్వారు. చాయ్ వచ్చింది, స్టీలు గ్లాసుల్లో, అందరికీ ఒకే తీరువి.

ఇక ఆలస్యమెందుకని జమున కోడలికి వీడియో కాల్ చేసింది. రమ ఫోను పట్టుకుని ఫ్లాటంతా తిప్పి చూపించింది. "ఇగో అక్కా, గిదే మీ రూమ్. కిటికీ ఉన్నది, ఎల్తురు మస్తు." గదిలో మధుకర్‌తో పాటు మా క్రాంతి కూడా నిలబడి ఉన్నాడు. చిన్న మంచం ఎక్కడ పడుతుందో జానలు వేసి చూస్తున్నాడు. తల ఎత్తి, "వర్షా, బిడ్డా, ఈడ పండుకుంటవా?" అన్నాడు.

"డాడీ! కిటికీ పక్కకు పెట్టు!" అని అరిచింది వర్ష. ఎవరూ చెప్పకుండా అది అతన్ని డాడీ అని పిలవడం నేను వినడం అదే మొదలు.

"ఇగ రూమ్ మీదే అమ్మా," అంది జమున. "ఎప్పుడు దిగుతరో సూసుకోండ్రి." చంద్రమౌళి శుభం అన్నాడు. కాల్ అయిపోయింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. జమున చేతులు పట్టుకున్నాను. ఆమె నా వెన్ను నిమిరింది.

అప్పుడు పెరట్లో నల్లా చప్పుడైంది.

మా అత్త ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. సంతోషంలో కళ్లు తుడుచుకుంటూ, చాయ్ తాగిన గ్లాసు పట్టుకుని బయటికి పోయింది. నల్లా కింద శుభ్రంగా కడిగింది. రెండుసార్లు తొలిపింది. తొలిపి, లోపలికి తేలేదు. పెరటి గోడ మీద, ఎవరికీ తగలకుండా ఒక మూలన బోర్లించింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వు ముఖంతో తిరిగొచ్చింది.

ఏళ్ల తరబడి పటేళ్ల ఇళ్లలో ఎక్కడ చాయ్ తాగినా ఆమె చేసిన పని అది. ఆమె చేతులే చేశాయి, ఆమెకు తెలియను కూడా తెలియదు. బస్సంతా ఇన్ని పాఠాలు చెప్పినదాన్ని, ఈ ఒక్కటి నాకూ తట్టలేదు.

జమున గోడ మీది గ్లాసును చూసింది. చాలాసేపు చూసింది. "గదేంది," అంది మెల్లగా. "గ్లాసు ఎందుకు కడిగినవ్? ఆడెందుకు పెట్టినవ్?"

"అలవాటమ్మా," అంది మా అత్త. అప్పటికీ నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు కొద్దికొద్దిగా ఆరిపోవడం నేను చూశాను.

"మీరు ఏమోళ్లు గంగవ్వా?" అని అడిగింది జమున.

వదినె పోయింది. గంగవ్వ మిగిలింది.

"జమునా, జర ఆగు," అన్నాడు చంద్రమౌళి నేల చూస్తూ. ఆగమన్నాడే తప్ప ఇంకేం అనలేదు. ఆయనకు భీవండి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు.

నోరు కట్టేసుకోమని క్రాంతి చెప్పిన మాట చెవుల్లో గింగురుమంటూనే ఉంది. అడిగితేనే చెప్పమన్నాడు కదా. అడిగింది.

"మాలోళ్లం," అన్నాను. "చర్చికి పోతం. అలవాటు మాకు ఎట్లయిందో మీకు తెల్వదా?"

పెరట్లోకి పోయాను. గోడ మీది గ్లాసు తీసుకున్నాను. వాళ్ల వంటింట్లోకి పోయి, స్టాండులో మిగతా గ్లాసుల పక్కన పెట్టబోయాను.

"ఆడ పెట్టకు!" అని అరిచింది జమున. అరిచి, తనే ఉలిక్కిపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెట్టేశాను. స్టాండు టంగుమని మోగింది. వర్ష నా చీర పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

మేం చెప్పులు తొడుక్కుంటుంటే చంద్రమౌళి గేటు దాకా వచ్చాడు. "మధుకర్‌తోటి మాట్లాడి చెప్త అమ్మా," అన్నాడు. ఆయన చూపు నా తల మీదుగా షెడ్డు రేకుల మీదికి పోయింది. ఆ చూపు నాకు జగిత్యాలలో బాగా అలవాటే.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక మా అత్త అందుకుంది.

"నా బుద్ధి గడ్డి తిన్నది, సరే. నీకేమైంది? జర మెల్లగ అడుక్కుంటే ఆ ముసలాయన ఒప్పుకునేటోడు. గా గ్లాసు తీస్కపోయి ఆడ పెడితే ఏం ఒరిగింది నీకు? నా కొడుకు మళ్ల ఒక్కడే అయిండు. నీ కోపం పాడుగాను!"

ఆమె అన్నదాంట్లో నిజం ఉంది. కిటికీ పక్కన మంచం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. వర్ష ఏడ్చి ఏడ్చి నా తొడ మీద తల పెట్టుకుని, "మనం ఇగ పోమా?" అంది. నా నోటి దురుసుకు నా పిల్లే బలైందని నన్ను నేను తిట్టుకున్నాను.

ఫోను మోగింది. రమ. బస్సుల మోతలో వినబడదని స్పీకరు పెట్టాను.

"అక్కా, అత్తమ్మ ఫోన్ జేసి ఒక్కతీరుగ ఏడుస్తున్నది. మీకు ఇయ్యద్దంటున్నది." రమ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "నాకు గసొంటి పట్టింపులు లెవ్వక్కా, ఒట్టు. మీరు రాండ్రి. రూమ్ మీకే ఇస్తం."

నేను లేచి నిలబడ్డాను. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గని ఒక్కటక్కా. వేరేటోళ్లకు ఇచ్చినమని అత్తమ్మకు చెప్తం. ఆమె పొద్దుగాల, మాపటీలి వీడియో కాల్ జేస్తది. నేను వంటింట్ల ఉన్నప్పుడే జేస్తది. ఆమె మాట్లాడినంతసేపు మీరు రూమ్‌ల తలుపేస్కొని ఉండాలె. అన్న గూడ. వర్షకు జర నేర్పియ్యండ్రి, బయటికి రావద్దు, సప్పుడు జేయద్దని. చిన్నపిల్లనే గదా, నేర్పితే నేర్సుకుంటది."

నేర్చుకుంటుంది, నిజమే. పొద్దున బస్సులో నేర్పితే మధ్యాహ్నానికి చేసి చూపించింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఒప్పుకోవాలనిపించింది. ఎంతసేపు మాట్లాడుతుంది ఆ పెద్దావిడ? గడియసేపు తలుపు వేసుకుంటే ఏం పోయింది? మిగతా పొద్దంతా కిటికీ ఉంది, క్రాంతి ఉన్నాడు. ఇంతకుముందు వంటింట్లో అంత పౌరుషం చూపించినదాన్ని, సరే అనడానికి నోరు తెరిచాను.

మా అత్త నా చేతిలో ఫోను లాక్కుంది.

"అమ్మా రమా, నేను గంగవ్వను," అంది. ఫోనును చెవికి కాకుండా నోటి ముందు, మైకులా పట్టుకుంది. "నువ్వు మంచిదానివే బిడ్డా. నిన్ను తప్పు పడతలేను. గని మా పోరి దాసుకోదు. నేను దాసుకొని, ఒదిగి ఒదిగి, గిట్ల ముసలిదాన్నయిన. దానికి నేర్పియ్యం. ఆ రూమ్ మాకొద్దు. వేరేటోళ్లకు ఇచ్చుకో."

"అవ్వా, జర ఆలోచించుండ్రి, మీ కొడుకు..." అంటూనే ఉంది రమ. మా అత్తకు కాల్ కట్ చేయడం రాదు. నాకు అందించింది. నేను కట్ చేశాను.

ఆమె నుదుటి మీది స్టిక్కర్ చెమటకు పక్కకు జారి ఉంది. ఇంతసేపూ నన్ను తిట్టిన మనిషేనా అని చూస్తున్నాను.

"వానికి కలుపు," అంది. "నేనే చెప్త."

స్పీకరు పెట్టి కలిపిచ్చాను. క్రాంతి మొదటి రింగుకే ఎత్తాడు. వెనుక దుకాణం సందడి, ఏదో పాట. "అవ్వా! బస్సెక్కిండ్రా? వర్ష మంచానికి దుప్పటి కొందామని వచ్చిన. గులాబీ రంగుదా, నీలం రంగుదా? దాన్ని అడుగు."

వర్ష తల ఎత్తింది. నేను దాని నోటి మీద చెయ్యి వేయబోయి, వేయలేకపోయాను. "నీలం," అంది అది చిన్నగా.

"దుప్పటి కొనకు కొడుకా," అంది మా అత్త.

"ఏమైంది? ఆళ్లు ఇయ్యమన్నరా?"

"ఆళ్లు ఇస్తమన్నరు. నేనే వద్దన్న."

"నువ్వా?" అన్నాడు క్రాంతి. "నువ్వు వద్దన్నవా అవ్వా?"

"నేనే. మీ అవ్వను. తలుపేస్కొని దాసుకొని ఉండుమన్నరు నా మనుమరాలిని. వద్దన్న."

అవతల పాట వినిపిస్తోంది. జగిత్యాల బస్సు వచ్చి ఆగింది, జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు, మేం కదల్లేదు. మా అత్త కొడుకు మాట కోసం ఫోను రెండు చేతులా నోటి ముందు పట్టుకుని నిలబడింది. తిడతాడేమో అని ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

"దుకాణపాయన నీలం రంగుది సంచిల ఏసి పెట్టిండవ్వా," అన్నాడు క్రాంతి. "ఆగుండ్రి. వాపస్ ఇచ్చి, మీతోటి మాట్లాడుత."